నీటికి లెక్క నేర్పిన మహనీయుడు - మోక్షగుండం విశ్వేశ్వరయ్య

నందికొండలలోను, వాటి పరిసరాలలోను పుట్టిన నదులు తక్కువేమీ కావు. ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు, చిత్రావతి, పాపాగ్ని - ఇవన్నీ ఈ మెట్టసీమలోనే జన్మించాయి. కొన్ని అనంతపురం, కడప, నెల్లూరు ప్రాంతాలకు, మరికొన్ని తమిళనాడుకు తరలిపోతున్నాయి. కాని తమకు జన్మనిచ్చిన నేల మీద వీటిలో ఏ ఒక్కటీ ఏడాది పొడవునా పారదు. అందుచేతనే మన పూర్వులు ఈ సీమలో పల్లెపల్లెకూ చెరువులు, కుంటలు త్రవ్వించి, కట్టకు గండి పడకుండ కాపాడుకొంటూ, నీరుగంటి చేతిమీదుగా వంతులవారీగా నీరు పంచుకొని జీవించారు. నీటి విలువ పుట్టుకతోనే తెలిసిన ఇటువంటి సీమలో పుట్టినవారే భారతరత్న సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

మన పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో ఆ మహనీయుని జీవితాన్ని స్మరించడం సముచితమని భావిస్తున్నాను. ఆయన మన జిల్లావారు, మన వలెనే ఇతర భాషా ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవారు అన్న అభిమానం ఒక కారణం. అంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి కలదు. ఆయనను ఆనకట్టలు కట్టిన ఇంజనీరుగా అందరూ ఎరుగుదురు. కాని ఆయన జీవితమంతా ఎదుర్కొన్న ప్రశ్నలు రాతికి, సున్నానికి సంబంధించినవి మాత్రమే కావు. నీరు ఎవరిది? ఎవరికెంత చెందాలి? దాని ఖర్చు ఎవరు భరించాలి? దానివల్ల నష్టపోయేవారెవరు? ఈ ప్రశ్నలు నేటికీ తీరలేదు. ఆయన వాటికి ఏ సమాధానాలు వెదికారో, ఏవి మనకు విడిచిపెట్టారో తెలుసుకొనడం మన విద్యార్థులకు అవసరం.

పుట్టుక, విద్యాభ్యాసం

మోక్షగుండంవారి పూర్వీకులు కంభం, గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామస్థులు. కొన్ని తరాల క్రిందట వారు మైసూరు సంస్థానానికి వలస వచ్చారు. ఊరి పేరే వారికి ఇంటిపేరుగా నిలిచింది. గుండ్లకమ్మ నది మీద విజయనగర రాజుల కాలంలో నిర్మించిన సుప్రసిద్ధమైన కంభం చెరువు ఆ ప్రాంతానిదే. ఒక చెరువుల సీమను విడిచి మరొక చెరువుల సీమకు చేరిన కుటుంబమది.

విశ్వేశ్వరయ్యగారు 1861 సెప్టెంబరు 15న ముద్దేనహళ్ళిలో జన్మించినట్లు ఎక్కువ గ్రంథాలు పేర్కొంటున్నాయి. ఆ గ్రామం అప్పుడు కోలారు జిల్లాలోనిది. 2007లో ఏర్పడిన చిక్కబళ్ళాపుర జిల్లాలో ఇప్పుడున్నది. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత విద్వాంసులు. తల్లి వేంకటలక్ష్మమ్మగారు. ప్రాథమిక విద్య చిక్కబళ్ళాపురంలో జరిగింది. యుక్తవయస్సు రాకమునుపే తండ్రి మరణించడంతో కుటుంబం ఇబ్బందుల పాలయింది. మేనమామ రామయ్యగారి ఆదరణతో బాలుడు బెంగుళూరు చేరి, పై చదువులకు కావలసిన సొమ్ము పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించుకొంటూ సెంట్రల్ కళాశాలలో చదివారు. 1881లో బి.ఏ. పట్టభద్రులయ్యారు.

ఆయన బెంగుళూరులో చదువుకొంటున్న కాలమే దక్షిణ భారతాన్ని మహాక్షామం పీడించిన కాలం. 1876 నుండి 1878 వరకు సాగిన ఆ కరవులో మైసూరు సంస్థానం దారుణంగా నష్టపోయింది. 1871లో యాభై లక్షలు దాటిన సంస్థాన జనాభా 1881 నాటి లెక్కలలో నలభై రెండు లక్షలకు దిగజారింది. పదేళ్ళలో పెరగవలసిన జనం ఎనిమిది లక్షలకు పైగా తగ్గిపోయారన్నమాట. వానలు రెండేళ్ళు ముఖం చాటేస్తే మెట్టభూమి మీద ఆధారపడిన మనిషి గతి ఏమౌతుందో ఆ తరం విద్యార్థులు పుస్తకాలలో చదివి తెలుసుకొనవలసిన అవసరం లేకపోయింది.

తరువాత మైసూరు ప్రభుత్వ విద్యార్థివేతనంతో పుణే సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమ శ్రేణిలో ప్రథములుగా ఉత్తీర్ణులయ్యారు. ఆ మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ఉద్యోగ జీవితం ప్రారంభించారు.

పొదుపుగా పరిష్కారం

ధూళియా ప్రాంతంలో పాంజరా నది అడుగుగా ఒక కాలువ నీటిని గొట్టపు సైఫను ద్వారా ఆవలి ఒడ్డుకు చేర్చడం ఆయనకు అప్పగించిన తొలి పనులలో ఒకటి. వానల నడుమ, వరదలకు జంకక ఆ పనిని నెరవేర్చి పై అధికారుల మన్నన పొందారు.

1894-95 ప్రాంతంలో సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం నిర్మించే బాధ్యత ఆయన మీద పడింది. సింధు నది నీరు బురదమయం. దానిని వడకట్టడానికి శాస్త్రీయమైన వడపోత తొట్లు నిర్మించాలంటే పురపాలక సంఘం వద్ద అంత ధనం లేదు. అప్పుడాయన నదీగర్భంలోని ఇసుకనే వడపోత సాధనంగా వినియోగించారు. నదిలోనే బావి త్రవ్వించి, ఇసుక పొరల గుండా ఊరి వచ్చిన తేటనీటిని పట్టణానికి ఎక్కించారు. మన ఏటి ఒడ్డు పల్లెలలో ఆడవారు వేసవిలో చెలమ తీసి నీరు తోడుకొనే పద్ధతికి ఇది పెద్దన్న వంటిది. ప్రకృతి ఉచితంగా చేసిపెట్టే పనిని గుర్తించి, దానిని చెడగొట్టకుండ వాడుకోవడం ఎంత లాభదాయకమో ఈ పథకం నిరూపించింది. ఆధునిక శాస్త్రజ్ఞులు పర్యావరణ ఆర్థికశాస్త్రమని పిలిచే విద్యకు ఇదే తొలిపాఠమని చెప్పవచ్చును.

వంతుల నీరు

ఆయన ప్రతిభకు, అంతకు మించి ఆయన సామాజిక దృష్టికి అద్దం పట్టిన పని బ్లాకు పద్ధతి. దీనిని గురించి మన పాఠ్యపుస్తకాలు తక్కువగా చెబుతాయి కనుక కొంత వివరంగా వ్రాస్తున్నాను.

బొంబాయి రాష్ట్రంలోని దక్కను జిల్లాలు వర్షాభావ ప్రాంతాలు. మహాక్షామం తరువాత ప్రభుత్వం అక్కడ నీరా మొదలగు కాలువలను నిర్మించింది. కరవు కాలంలో ప్రజలను కాపాడడమే వాటి ముఖ్యోద్దేశం. కాని కాలువ పారడం మొదలైన పిమ్మట జరిగింది వేరు. వానలు సకాలంలో కురిసిన ఏడు జొన్న, సజ్జ పండించే రైతులు నీటితీరువా చెల్లించి కాలువ నీరు తీసుకొనేవారు కారు. వాన తప్పిన ఏడు అందరూ ఒక్కసారిగా నీటికోసం ఎగబడేవారు. ఇక కాలువ తలాపున ఉన్న కలవారు చెరకు తోటలు పెంచి, ఏటా కావలసినంత నీరు మళ్ళించుకొనేవారు. చివరి భూములకు నీరు చేరేది కాదు. అవసరానికి మించిన నీరు పెట్టడం వలన తలాపు భూములలోనే తడి నిలిచి నేల చౌడుబారసాగింది. దోమలు పెరిగి మలేరియా జ్వరాలు వ్యాపించాయి. నీరు లేనివానికి కరవు, నీరు ఎక్కువైనవానికి చౌడు అన్నట్లయింది. ప్రభుత్వానికి పెట్టిన పెట్టుబడి మీద తగిన ఆదాయం కూడ రాలేదు.

1899 తరువాత పుణే ప్రాంతపు నీటిపారుదల బాధ్యతలు స్వీకరించిన విశ్వేశ్వరయ్యగారు ఈ వ్యవహారాన్ని పరిశీలించారు. కాలువ పొడవునా ఉన్న గ్రామాలలో కొంత భూమిని ఒక్కచోట ఉండేటట్లు బ్లాకులుగా గుర్తించాలని, ఆ బ్లాకులకు కొన్నేళ్ళపాటు తప్పక నీరిస్తామని ప్రభుత్వం మాట ఇవ్వాలని ఆయన ప్రతిపాదించారు. బ్లాకులో అంతా చెరకే వేయరాదు. ఒక భాగంలో చెరకు, ఒక భాగంలో వరి, మిగిలిన భాగంలో తక్కువ నీరు కోరే మెట్టపైరు వేసి, ఏడాదికేడాది వాటిని మార్చుకోవాలి. నీరు నిర్ణీత దినాలలో వంతు ప్రకారం మాత్రమే విడుదల కావాలి.

దీనివలన కలిగే ప్రయోజనాలు పలు విధాలు. ఒకే కాలువ నీరు ఎక్కువ గ్రామాలకు, ఎక్కువ కుటుంబాలకు అందుతుంది. పైరు మారుతూ ఉండడంతో నేలకు విశ్రాంతి లభించి సారం నిలుస్తుంది. నీరు చివరిదాకా పారుతుంది. రైతుకు ముందుగానే భరోసా కలుగుతుంది. ప్రభుత్వానికి ఆదాయం స్థిరపడుతుంది. నీటిని కొలిచి ఇవ్వడం ఆయన దృష్టిలో పిసినారితనం కాదు, న్యాయం.

అయితే న్యాయమైన పంపకం అందరికీ రుచించదు. అప్పటిదాకా అదుపు లేకుండ నీరు వాడుకొన్న వారి నుండి తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. ఆయన రైతులను కలిసి, లెక్కలు వివరించి, ప్రయోగరీత్యా అమలుచేసి చూపారు. 1901 నుండి 1903 వరకు దేశమంతటా విచారణ జరిపిన నీటిపారుదల కమిషను ముందు కూడ తన పద్ధతిని సమర్థించారు. క్రమంగా అది ఆ కాలువల క్రింద అమలులోకి వచ్చింది.

తరువాతి కథను కూడ దాచకుండ చెప్పుకోవాలి. చెరకు ధర పెరిగేకొద్దీ బ్లాకులు చెరకు వైపే ఒరిగాయి. నీరా లోయలో చౌడుబారిన పొలాల సమస్య ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాలలో మరింత పెరిగి, తరువాతి ఇంజనీర్లు నేల స్వభావాన్ని బట్టి నీరివ్వవలసిన అవసరాన్ని గుర్తించవలసి వచ్చింది. పద్ధతి ఎంత మంచిదైనా, లాభాపేక్ష, పలుకుబడి దానిని వంచగలవని దీనివల్ల తెలుస్తున్నది. నియమాన్ని కాచుకొనే గ్రామసమాజం లేనప్పుడు నియమం కాగితం మీదనే మిగిలిపోతుంది.

ఖడక్‌వాస్లా తలుపులు

పుణే నగరానికి, పరిసర భూములకు నీరిచ్చే ఖడక్‌వాస్లా జలాశయం మూఠా నది మీద ఉన్నది. వర్షాకాలంలో నిండిన తరువాత మిగులు నీరు అలుగు మీదుగా వృథాగా పోయేది. ఆనకట్టను ఎత్తు చేయడం ఖర్చుతోను, అపాయంతోను కూడిన పని. విశ్వేశ్వరయ్యగారు అలుగు మీద స్వయంచాలక తలుపులు అమర్చే ఉపాయం కనిపెట్టారు. నీటి మట్టం నిర్ణీతమైన ఎత్తు చేరేవరకు తలుపులు మూసుకొని ఉంటాయి. ఆ ఎత్తు దాటగానే నీటి బలంతో అవే తెరచుకొంటాయి. మట్టం తగ్గగానే తిరిగి మూసుకొంటాయి. 1903 ప్రాంతంలో అమర్చిన ఈ తలుపుల వలన ఆనకట్టను పెంచకుండనే సుమారు ఎనిమిది అడుగుల మేర అదనపు నిల్వ సాధ్యమైంది. ఆ తలుపులకు పేటెంటు పొందినా, తన శాఖ పనికి వాడినందులకు ప్రతిఫలం స్వీకరించడానికి ఆయన అంగీకరించలేదు.

1961 జూలైలో ఎగువనున్న పాన్‌షెత్ ఆనకట్ట తెగి, ఆ వరదకు ఖడక్‌వాస్లా కూడ గండిపడి పుణే నగరం అతలాకుతలమైంది. అప్పటికి విశ్వేశ్వరయ్యగారు జీవించే ఉన్నారు. మానవుని ఉపాయానికి నది ఎంతవరకు లోబడుతుందో, ఎక్కడ లోబడదో ఆ ఒక్క జలాశయమే రెండు విధాలా బోధించింది.

మూసీ వరద

1906లో ప్రభుత్వ ఆదేశంపై ఎడారి వంటి ఏడెన్ పట్టణానికి వెళ్ళి మంచినీటి పథకం సిద్ధం చేసిన విశ్వేశ్వరయ్యగారు, 1908లో బొంబాయి ప్రభుత్వ కొలువు నుండి స్వచ్ఛందంగా విరమించుకొన్నారు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నదికి కనీవినీ ఎరుగని వరద వచ్చింది. వేలాది ఇండ్లు కూలిపోయాయి. దాదాపు పదిహేను వేలమంది మరణించినట్లు చెబుతారు. నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా ఆయన 1909లో అక్కడికి వెళ్ళి వరద కారణాలను పరిశోధించారు.

మూసీ పరీవాహక ప్రాంతంలో వందలాది చెరువులు కలవు. ఆ మహావర్షంలో రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగి, ఎగువ చెరువు నీరు దిగువ చెరువును త్రోసుకొంటూ నగరం మీద పడినట్లు ఆయన గ్రహించారు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు నిర్మించి, వరదను పట్టి నిదానంగా విడువవలెనని సలహా ఇచ్చారు. అవే తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లుగా వెలిశాయి. వరదను ఆపడంతోపాటు అవి తరతరాలుగా నగరానికి త్రాగునీరు ఇచ్చాయి. శత్రువుగా వచ్చిన నీటిని మిత్రునిగా మార్చిన యోజన ఇది.

ఆ జలాశయాలకు నీరు చేరే మార్గాలను కాపాడడానికి 1996లో ప్రభుత్వం చుట్టుప్రక్కల నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ ఉత్తర్వు వెలువడగా దానిపై వాదోపవాదాలు చెలరేగాయి. భూమి ధర ఒకవైపు, నీటి భద్రత మరొకవైపు నిలిచిన తగవు ఇది. జలాశయం కట్టినంత మాత్రాన పని పూర్తికాదు. దానికి నీరు తెచ్చే నేలను కూడ కాపాడవలసి ఉంటుంది.

కావేరి మీద కృష్ణరాజసాగరం

1909 నవంబరులో ఆయన మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వచ్చారు. ఆనాటికే 1902 నుండి శివనసముద్రం జలపాతం వద్ద తయారైన విద్యుత్తు మన కోలారు బంగారు గనులకు సరఫరా అవుతున్నది. వేసవిలో కావేరి సన్నగిల్లితే విద్యుత్తు తగ్గేది. గనులవారు అదనపు విద్యుత్తు కోరుతున్నారు. మండ్య ప్రాంతపు రైతులకు సాగునీరు లేదు. ఈ రెండు అవసరాలను ఒక్క జలాశయంతో తీర్చవచ్చునని, విద్యుత్తు అమ్మకంతో వచ్చే ఆదాయం నిర్మాణవ్యయాన్ని భరించగలదని ఆయన లెక్కలు కట్టి చూపారు. అంత వ్యయం సంస్థానానికి తలకు మించిన భారమని వెనుకాడిన పెద్దలు లేకపోలేదు. ఎట్టకేలకు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరుగారి ఆమోదంతో 1911లో కన్నంబాడి వద్ద పని ఆరంభమైంది.

అంతకంటె జటిలమైనది రాజకీయ సమస్య. మైసూరు, మద్రాసు ప్రభుత్వాల నడుమ 1892లో జరిగిన ఒడంబడిక ప్రకారం పదిహేను ముఖ్య నదుల మీద మైసూరు క్రొత్తగా నిర్మాణాలు చేపట్టాలంటే మద్రాసు సమ్మతి అవసరం. కావేరియే కాక మన పినాకినులు, పాలారు, చిత్రావతి, పాపాగ్ని కూడ ఆ జాబితాలోనివే. మైసూరు 41.5 టి.ఎం.సి.ల జలాశయం కోరగా, మద్రాసు 11 టి.ఎం.సి.లకు మాత్రమే సమ్మతించింది. తంజావూరు డెల్టాలో కల్లణై కాలం నుండి సాగవుతున్న భూములకు అన్యాయం జరుగుతుందని మద్రాసు భయం. ఎగువన పుట్టిన నీటిని వాడుకొనే హక్కు తమకు లేకుండ పోతున్నదని మైసూరు ఆవేదన. మైసూరు మాత్రం రాబోయే పెద్ద ఆనకట్టకు తగిన వెడల్పుతోనే పునాది వేసింది.

వివాదం మధ్యవర్తి ముందుకు వెళ్ళింది. 1914లో వచ్చిన తీర్పు మైసూరుకు అనుకూలించినా, మద్రాసు అప్పీలు చేసింది. చివరకు 1924లో ఉభయులకూ ఒప్పందం కుదిరింది. విశ్వేశ్వరయ్యగారు అప్పటికి పదవిలో లేకపోయినా, వారు వేసిన ప్రణాళిక ప్రకారమే ఆనకట్ట 1930వ దశకం ఆరంభంలో పూర్తయింది. సున్నము, సుర్కీలతో కట్టిన ఆ రాతికట్టడం నేటికీ చెక్కుచెదరక నిలిచి ఉన్నది. దాని కాలువ క్రింద మండ్య సీమ పచ్చబడింది. మొదట ఇర్విన్ కాలువ అని పిలిచిన ఆ కాలువకు తరువాత విశ్వేశ్వరయ్యగారి పేరే పెట్టారు.

ఈ వైభవానికి మరొక పార్శ్వం కూడ కలదు. జలాశయం క్రింద కన్నంబాడితో సహా పలు గ్రామాలు మునిగిపోయాయి. తరతరాల ఇల్లు, పొలం, శ్మశానం, దేవాలయం విడిచి ప్రజలు క్రొత్త చోటికి తరలవలసి వచ్చింది. కరవు ఏడు జలాశయం ఇంకినప్పుడు మునిగిన వేణుగోపాలస్వామి ఆలయం బయటపడేది. తరువాతి కాలంలో దానిని రాయి రాయిగా తరలించి ఒడ్డున పునర్నిర్మించారు. ఆలయాన్ని తిరిగి కట్టవచ్చును. చెదరిన ఊరిని తిరిగి కట్టడం అంత సులభం కాదు. ఆనాటి అంచనా పత్రాలలో భూమికి, ఇంటికి నష్టపరిహారం ఉన్నది. కాని ఊరికి ఖరీదు కట్టే పద్ధతి ఏ ఇంజనీరుకూ తెలియదు.

కావేరి జలాల తగవు కూడ అక్కడితో ముగియలేదు. 1990లో న్యాయమండలి ఏర్పడింది. 2007లో అది తుది తీర్పు ఇచ్చింది. 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు కర్ణాటకకు 284.75, తమిళనాడుకు 404.25, కేరళకు 30, పుదుచ్చేరికి 7 టి.ఎం.సి.లుగా వాటాలు నిర్ణయించింది. వానలు చక్కగా కురిసిన ఏడు ఈ అంకెలు ఎవరికీ గుర్తుండవు. వాన తప్పిన ఏడు ఇరుప్రక్కలా అన్నదమ్ములవంటి ప్రజలు వీధికెక్కుతారు. ఉభయ రాష్ట్రాలలోను స్థిరపడిన మన తెలుగువారికి ఈ బాధ రెండింతలు. లాభాన్ని పంచుకొనడం కంటె లోటును పంచుకొనడం కష్టతరమని బ్లాకు పద్ధతి నాడే ఆయన ఎరుగుదురు.

దివానుగా, ఆ తరువాత

1912 నుండి 1918 వరకు ఆయన మైసూరు దివానుగా పనిచేశారు. మైసూరు బ్యాంకు 1913లోను, మైసూరు విశ్వవిద్యాలయం 1916లోను వెలిశాయి. ప్రాథమిక విద్యను నిర్బంధం చేసే శాసనం వచ్చింది. భద్రావతి ఇనుప కర్మాగారానికి పునాది పడింది. 1915లో సర్ బిరుదు లభించింది. నీరు, విద్యుత్తు, పరిశ్రమ, చదువు ఒకే గొలుసులోని కడియాలని ఆయన నమ్మకం.

ప్రభుత్వోద్యోగాలలో వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక స్థానం కల్పించాలన్న ఉద్యమం ఆ రోజులలో మైసూరులో బలపడింది. నియామకాలకు ప్రతిభ ఒక్కటే కొలమానమని నమ్మిన విశ్వేశ్వరయ్యగారు దానితో ఏకీభవించలేక పదవినుండి తప్పుకొన్నారు. చదువుకొనే అవకాశమే అందనివారికి ప్రతిభ చూపే అవకాశం ఎక్కడిదన్న ప్రశ్నకు తరువాతి చరిత్ర వేరొక సమాధానం చెప్పింది. కాలువ చివరి పొలానికి నీరు చేరాలని అంతగా తపించిన వారు, అవకాశాల కాలువలో చివరనున్నవారిని గురించి అదే విధంగా యోచించలేదని నేడు మనకు అనిపించడం సహజం. మహనీయులను గౌరవించడమంటే వారి కాలపు పరిమితులను కూడ గ్రహించడమే.

1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ అవసరమని గ్రంథం వ్రాశారు. 1937లో ఒడిశా వరదల సమస్యను గాంధీమహాత్ముని కోరికపై పరిశీలించి, మహానది మీద జలాశయాలు అవసరమని సూచించారు. స్వాతంత్ర్యానంతరం వెలసిన హీరాకుడ్ ఆనకట్టకు ఆ యోచనయే ఒక బీజం. 1955లో భారతరత్న పురస్కారం ఆయనను వరించింది. 1962 ఏప్రిల్ 14న బెంగుళూరులో తనువు చాలించారు. ముద్దేనహళ్ళిలో ఆయన సమాధి, జన్మగృహం నేటికీ సందర్శకులను ఆకర్షిస్తున్నాయి. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

మనకు మిగిలిన పని

నేటి మన కోలారు, చిక్కబళ్ళాపుర జిల్లాల స్థితి మనందరికీ తెలిసినదే. చెరువులలో పూడిక చేరింది. నీరు వచ్చే వాగులు, వంకలు ఆక్రమణల పాలయ్యాయి. నీరుగంటి పదవి పేరుకు మాత్రమే మిగిలింది. పూర్వం చెరువు నిండితే ఊరందరిదీ. నేడు బోరు పడితే వేయించినవానిదే. లోతుగా వేయించగలవానికి నీరు, వేయించలేనివానికి అప్పు. లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడు దోషం. తలాపు రైతు చెరకు తోట, చివరి రైతు ఎండిన చేను అన్న నీరా కాలువ కథే భూమి పైనుండి భూమి లోపలికి దిగింది.

2018 నుండి బెంగుళూరు నగరపు వాడుక నీటిని శుద్ధిచేసి గొట్టాల ద్వారా మన జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఎండిన చెరువులు నిండడం, బావులలో ఊట పెరగడం ఆనందించదగిన విషయం. ఆ శుద్ధి రెండవ దశ వరకే జరుగుతున్నదని, మూడవ దశ కూడ అవసరమని రైతులు, శాస్త్రజ్ఞులు అడుగుతున్నది కూడ న్యాయమైన ప్రశ్నే. నగరం కావేరి నీరు త్రాగి, తాను వాడి విడిచిన నీటిని పల్లెకు పంపుతున్నది. ఎవరికి ఏ నీరు అన్న ప్రశ్నలో సమాజపు మెట్లన్నీ కనిపిస్తాయి.

విశ్వేశ్వరయ్యగారు మనకు నేర్పినది ముఖ్యంగా మూడు మాటలలో చెప్పవచ్చు. నీటిని కొలవాలి. కొలిచినదానిని నియమం ప్రకారం పంచాలి. పంచేటప్పుడు చివరి పొలాన్ని మొదట తలచుకోవాలి. ఆయన లెక్కలలో చేరని పద్దులు మరికొన్ని ఉన్నాయి. మునిగిన ఊరు, చౌడుబారిన నేల, దిగువవాని దాహం, రేపటి తరం వాటా - ఇవి ఆ పద్దులు. వాటిని కూడ చేర్చి లెక్క పూర్తిచేయవలసిన బాధ్యత మన తరానిది, మన పిల్లలది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు ఇంజనీర్లు కావచ్చు, కొందరు రైతులు, అధికారులు, ఉపాధ్యాయులు కావచ్చు. ఏ వృత్తిలో ఉన్నా మీ ఊరి చెరువు పేరు, దాని ఆయకట్టు, దానికి నీరు ఏ వంక నుండి వస్తుందో, దాని అలుగు పారి ఏ చెరువుకు చేరుతుందో తెలుసుకొనండి. మీ తాతగారిని, అమ్మమ్మగారిని అడిగి పూర్వం వంతులు ఎట్లా నడిచేవో వ్రాసి పెట్టండి. వానాకాలంలో బడి ఆవరణలో పడిన వాన ఎన్ని మిల్లీమీటర్లో ప్రతిదినం కొలిచి పుస్తకంలో ఎక్కించండి. ఆ పుస్తకం ఏటేటా పెరిగి, వందేళ్ళ పండుగ జరుపుకొనేనాటికి మన పాఠశాల ఈ సీమకు అందించగల అమూల్యమైన కానుక అవుతుంది. లెక్క తెలిసినవాడు నీటిని వృథా చేయడు. పక్కవాని వాటాను ఎరిగినవాడు నీటిని దొంగిలించడు. ఈ రెండు గుణాలూ మన పాఠశాల నుండి వెళ్ళే ప్రతి బిడ్డలోను నెలకొనుగాక!